చౌక ట్యాబ్‌ ఎన్నేళ్లు నిలుస్తుంది?

2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ అనే ట్యాబ్‌ను విడుదల చేశారు. ప్రపంచంలోకెల్లా చౌకైన ట్యాబ్ ఇదేనని దేశవిదేశాల పత్రికలు రాశాయి. డేటావిండ్ అనే కంపెనీ దీన్ని తయారు చేయించింది. విడిభాగాలను కూర్చే పని మన హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రభుత్వం ఒక్కో ట్యాబ్‌కు చెల్లించింది సుమారు రూ.2,250. ఆ ధరకు వచ్చినవి ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్, 2 గిగాబైట్ల నిల్వ, 2100 మిల్లీయాంపియర్-అవర్ల బ్యాటరీ. తెర రెసిస్టివ్ రకానిది. అంటే రెండు పలుచని పొరలు ఒకదానికొకటి తగిలేదాకా వేలితో గట్టిగా నొక్కాలి. ఏడాది దాటాక, 2012 నవంబరు 11న, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను విడుదల చేశారు. ఈసారి వేలు తగిలితే చాలు స్పందించే కెపాసిటివ్ తెర పెట్టారు. ప్రాసెసర్ 1 గిగాహెర్ట్జ్‌కు, ర్యామ్ 512 మెగాబైట్లకు, బ్యాటరీ 3000కు పెరిగాయి. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి ఆకాశ్‌లో కోత పడింది అలంకారాలకు కాదు, రోజూ పనిచేయాల్సిన అవయవాలకు. ధర ముందు ఖాయం చేసుకుని యంత్రాన్ని అందులో ఇమిడించబోతే, కత్తెర ఎక్కడ పడుతుందన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఆకాశ్ కాలం గడిచిపోయినా ఆ ప్రశ్న పోలేదు. ఇవాళ బజారులో ఆరు వేలకూ పదిహేను వేలకూ మధ్య దొరికే ప్రతి ట్యాబ్ లోపలా ఆ కత్తెర ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది.

ఇంటి అవసరాలు ఏమిటో ముందు అనుకుందాం. పిల్లలు పాఠాల వీడియోలు చూస్తారు. పెద్దవాళ్లు వార్తలు, పాటలు, ప్రవచనాలు వింటారు. దూరాన ఉన్న కొడుకుతోనో కూతురితోనో వీడియో కాల్‌లో మాట్లాడతారు. పీడీఎఫ్ పుస్తకాలు చదువుతారు, కరెంటు బిల్లు కడతారు. వీటిలో ఏదీ మహావేగాన్ని కోరే పని కాదు. పేరున్న ఏ ట్యాబ్ అయినా కొన్న రోజున వీటన్నిటినీ చేసి చూపిస్తుంది. అందుకే దుకాణంలో నిలబడి ఐదు నిమిషాలు వేలితో జరిపి చూసినప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది రెండో ఏడు, మూడో ఏడు. పెట్టె మీద అచ్చేసిన అంకెలు కొన్న రోజు సంగతి చెబుతాయి, ఇల్లు వాడుకునేది మాత్రం ఏళ్ల తరబడి. కాబట్టి ఈ అధ్యాయంలో నిరూపించదలచింది ఒక్కటే: తక్కువ డబ్బుతో ట్యాబ్ కొనేవారు వేగం కోసం కాదు, ఆయుష్షు కోసం డబ్బు పెట్టాలి. ఆ ఆయుష్షు దేని మీద ఆధారపడుతుందో ఒక్కో భాగాన్నీ విప్పి చూస్తే గాని తెలియదు.

చౌక ట్యాబ్‌లో ముందుగా ముసలితనం కనిపించేది నిల్వలో. ఫైళ్లు, ఫొటోలు, యాప్‌లు ఉండే ఫ్లాష్ మెమరీని 1980లలో తోషిబా కంపెనీలో ఫుజియో మసుఓకా రూపొందించారు. కరెంటు పోయినా రాసింది పోకుండా, అతి చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడం అందులోని కిటుకు. అయితే దానికో నియమం ఉంది. రాయడం చిన్నచిన్న పేజీల చొప్పున జరుగుతుంది కానీ, చెరపాలంటే ఎన్నో పేజీలున్న బ్లాకు మొత్తాన్నీ ఒకేసారి చెరపాలి. పలక మీద ఒక్క అక్షరం మార్చడానికి పలకంతా తుడవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మిగతా అక్షరాలను ముందు మరో ఖాళీ పలక మీదికి ఎక్కించి, ఆ తర్వాత దీన్ని తుడవాలి. ఖాళీ పలకలు చాలినన్ని ఉన్నంతకాలం ఈ పని తెరవెనుక నిశ్శబ్దంగా సాగిపోతుంది. నిల్వ దాదాపు నిండిపోయినప్పుడు ఖాళీ పలక కోసం వెతుకులాట మొదలై, వేలు తాకిన రెండు మూడు క్షణాలకు గాని తెర కదలదు. పైగా ఒక్కో గదిని చెరిపి రాయడం కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్ల వరకే సాధ్యం. ఇప్పుడు 32 జీబీ ట్యాబ్‌ను చూడండి. కంపెనీ వెయ్యి లెక్కన చెప్పే 32 జీబీ, 1024 లెక్కన చూస్తే 30 జీబీ కూడా ఉండదు. అందులో ఆండ్రాయిడ్‌దీ కంపెనీ సొంత యాప్‌లదీ కలిపి పది పదిహేను జీబీ పోతుంది. మిగిలిన దాన్ని వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, వీడియోలు ఏడాదిలోపే నింపేస్తాయి. మెమరీ కార్డు వేసుకోవచ్చు కదా అంటారు. సినిమాలకు, ఫొటోలకు కార్డు సరిపోతుంది. యాప్‌లు, వాటి తాత్కాలిక ఫైళ్లు మాత్రం లోపలి నిల్వలోనే తిరుగుతుంటాయి. అందుకని 64 జీబీకి తగ్గకూడదు, 128 జీబీ ఉంటే ఇంకా మంచిది. ఎంత ఉన్నా ఐదో వంతు ఖాళీగా వదలాలి. నిల్వ రకం కూడా చూడాలి. ఈఎంఎంసీ రకం ఒకసారికి ఒకవైపు బండ్లనే పోనిచ్చే పాత వంతెన లాంటిది, చదువుతున్నప్పుడు రాయలేదు. యూఎఫ్ఎస్ రకంలో రాకపోకలు ఒకేసారి సాగుతాయి. ఇది పెట్టె మీద రాయకపోయినా, కంపెనీ వెబ్‌సైటులో వివరాల పట్టికలో చాలాసార్లు దొరుకుతుంది.

నిల్వ బీరువా అయితే ర్యామ్ పని చేసుకునే బల్ల. పాఠం వీడియో మధ్యలో ఆపి నిఘంటువు తెరిచి, మళ్లీ వీడియోకు వస్తే అది మొదటి నుంచి లోడ్ అవుతోందంటే బల్ల చాలలేదన్నమాట. చోటు కోసం ఆండ్రాయిడ్ వెనకున్న యాప్‌ను మూసేసింది. యాప్‌లు ఏటేటా లావెక్కుతాయి కానీ ర్యామ్ పెరగదు, తర్వాత వేసుకునే వీలూ ఉండదు. అందువల్ల ఇప్పుడు సరిగ్గా సరిపోయేంత కొంటే రెండేళ్లకు చాలకపోవడం ఖాయం. ఇంటి వాడకానికి 4 జీబీని కనీసంగా, 6 జీబీని నిశ్చింతగా భావించవచ్చు. ఇక్కడే ఒక ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. ‘4 ప్లస్ 4, మొత్తం 8 జీబీ’ అని రాసిన చోట అసలు ర్యామ్ నాలుగే. రెండో నాలుగు, నిల్వలో కొంత చోటు కేటాయించి ర్యామ్‌లాగా వాడుకునేది. బల్ల నిండినప్పుడు కాగితాలను బీరువాలో పెట్టి, కావలసినప్పుడల్లా లేచి వెళ్లి తెచ్చుకోవడం లాంటిదది. ఆ రాకపోకలన్నీ పరిమితంగా రాయగలిగే ఫ్లాష్ గదుల మీదే పడతాయి. అంటే ఒక లోటును పూడ్చబోయి మరో భాగం ఆయుష్షును ఖర్చు చేస్తున్నామన్నమాట.

ప్రాసెసర్ విషయంలో కొనేవారిని ఎక్కువగా ఆకట్టుకునే మాట ‘ఎనిమిది కోర్లు’. కోర్ల లెక్క కన్నా వాటి తీరు ముఖ్యం. చౌక ట్యాబ్‌లలో చాలాకాలం కనిపించిన కార్టెక్స్-ఏ53 అనే చిన్న కోర్ 2012లో ప్రకటించినది. అది ఆదేశాలను వచ్చిన వరసలోనే అమలు చేస్తుంది. రేషన్ షాపులో ముందున్నాయన సంచి వెతుక్కుంటుంటే వెనకవాళ్లంతా ఆగినట్టు, ఒక ఆదేశానికి సమాచారం అందడం ఆలస్యమైతే వెనకవి కూడా ఆగాల్సిందే. కార్టెక్స్-ఏ75, ఏ76 వంటి పెద్ద కోర్లు అలా కాదు, సిద్ధంగా ఉన్న ఆదేశాన్ని ముందుకు పిలిచి పని కానిస్తాయి. ఒక వెబ్ పేజీ తెరవడంలో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద జరిగే పని, ఎనిమిది మందికి పంచి ఇవ్వడానికి వీల్లేనిది. ఎనిమిది మంది చిన్నపిల్లలు కలిసినా ఒక ధాన్యం బస్తాను మెట్లెక్కించలేరు, ఇద్దరు పెద్దవాళ్లుంటే ఎక్కించగలరు. అందుకే రెండు పెద్ద కోర్లు, ఆరు చిన్న కోర్లు ఉన్న ప్రాసెసర్, ఎనిమిదీ చిన్నవే ఉన్నదానికన్నా ఎక్కువ కాలం వాడుకలో నిలుస్తుంది. మీడియాటెక్ హీలియో జీ99లో ఉన్నది ఈ అమరికే, రెండు ఏ76 కోర్లు, ఆరు ఏ55 కోర్లు. ఇది కూడా వేగం మోజుతో చెబుతున్నది కాదు. యాప్‌లు బరువెక్కిన నాలుగో ఏట కూడా కదలగల ఓపిక దీనివల్ల వస్తుంది.

తెరకు ముసలితనం రాదు గానీ, తెలుగు చదివేవారు దాన్ని మరో కోణంలో చూడాలి. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కలను విడిగా గుర్తించగలదు. ట్యాబ్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కోణానికి సరిపడే దూరం 0.12 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పది అంగుళాల తెరలో 1280 బై 800 చుక్కలుంటే ఒక్కో చుక్క 0.17 మిల్లీమీటర్లు, 1920 బై 1200 ఉంటే 0.11 మిల్లీమీటర్లు. మొదటిదానిలో చుక్కలు కంటికి ఆనుతాయి, రెండోదానిలో కలిసిపోతాయి. ఇంగ్లిషు అక్షరాలకు మొదటి రకం తెరతోనూ సరిపెట్టుకోవచ్చు. మన లిపి అలాంటిది కాదు. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో తలకట్టు, గుడి పైన ఉంటే వత్తులు కింద ఉంటాయి. ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తున్న వత్తును గీయడానికి మొదటి తెర దగ్గర తొమ్మిది వరసల చుక్కలే ఉంటే, రెండో తెర దగ్గర పదమూడు ఉంటాయి. గంటసేపు పాఠ్యపుస్తకం చదివే పిల్లవాడి కంటికీ, చత్వారం వచ్చిన తాతయ్య కంటికీ ఆ నాలుగు వరసలు చిన్న విషయం కాదు. తెరతో పాటు వైడ్‌వైన్ అనే వీడియో రక్షణ వ్యవస్థ ఏ స్థాయిలో ఉందో కూడా అడగాలి. ఎల్1 స్థాయి లేని ట్యాబ్‌లో తెర ఎంత నాణ్యమైనదైనా, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు మామూలు నాణ్యతకే బొమ్మను పరిమితం చేస్తాయి.

ఇంతవరకూ చెప్పుకున్నవి కంటికి కనిపించే భాగాలు. కనిపించని భాగం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. 2015 జులైలో ఆండ్రాయిడ్‌లో ‘స్టేజ్‌ఫ్రైట్’ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్ సందేశం పంపి పరికరంలోకి చొరబడే వీలుందని తేలింది. ఆ తర్వాతి నెల నుంచే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు ప్రకటించడం మొదలుపెట్టింది. అయితే గూగుల్ ప్రకటించినంత మాత్రాన అవి మన ట్యాబ్‌కు చేరవు. తయారీదారు తన మోడల్‌కు తగ్గట్టు మార్చి పంపాలి. ఎన్నేళ్లు పంపుతారన్నది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. పైగా ఆ ఏళ్లను సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు గానీ మనం కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్ల కిందటి మోడల్‌ను దసరా అమ్మకాల్లో సగం ధరకు కొంటే, దాని అప్‌డేట్ల ఆయుష్షులో మూడేళ్లు ముందే కరిగిపోయి ఉంటాయి. అప్‌డేట్లు రాకపోయినా యాప్‌లు నడుస్తూనే ఉంటాయి కదా అనే అభ్యంతరంలో నిజం ఉంది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 మీద వాట్సాప్ 2024 చివరిదాకా పనిచేసింది. కానీ నడవడం వేరు, భద్రంగా ఉండడం వేరు. పాటలు వినే ట్యాబ్‌కు పాత సాఫ్ట్‌వేర్ పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. బ్యాంకు యాప్ ఉన్న ట్యాబ్‌కు మాత్రం అది గొళ్లెం ఊడిన తలుపే.

పేరూ ఊరూ లేని ట్యాబ్‌ల ప్రమాదం ఇంతకన్నా లోతైనది. ‘బ్యాడ్‌బాక్స్’ అనే వ్యవహారాన్ని హ్యూమన్ సెక్యూరిటీ సంస్థ పరిశోధకులు 2023లో వివరంగా బయటపెట్టారు. చౌకరకం ఆండ్రాయిడ్ టీవీ పెట్టెలు, ట్యాబ్‌లు కొన్నిటిలో కొనుగోలుదారు చేతికి రాకముందే దొంగ ప్రోగ్రాములు చేరి ఉన్నాయని తేలింది. 2024 డిసెంబరులో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ తమ దేశంలో సుమారు 30,000 పరికరాలకు వాటిని వెనకుండి నడిపిస్తున్న దొంగలతో సంబంధం తెగ్గొట్టాల్సి వచ్చింది. నాలుగు వేలకే పన్నెండు జీబీ ర్యామ్ ఇస్తామనే ట్యాబ్ కనిపించినప్పుడు, ఆ ధరకు అది అసాధ్యమని ముందు గుర్తించాలి, ఆ తేడాను ఇంకెవరు భరిస్తున్నారో ఆలోచించాలి. పరీక్ష కష్టమేమీ కాదు. మన దేశంలో అమ్మే ట్యాబ్‌కు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. ‘ఆర్’తో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ‘అబౌట్’ తెరిస్తే ట్యాబ్ గూగుల్ వారి ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ పొందిందో లేదో తెలుస్తుంది.

చివరి అవయవం బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీకి పునాదులు వేసిన గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో 2019లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఈ బ్యాటరీలో చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ కాస్తంత లిథియం, గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో చిక్కుకుని మళ్లీ పనికిరాకుండా పోతుంది. మామూలు బ్యాటరీ సుమారు 500 పూర్తి చార్జింగులకు తన సామర్థ్యంలో ఐదో వంతు కోల్పోతుందని అంచనా. రెండు రోజులకు ఒక పూర్తి చార్జింగ్ చొప్పున లెక్కిస్తే అది వెయ్యి రోజులు, అంటే మూడేళ్లకు కాస్త తక్కువ. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం ట్యాబ్ బ్యాటరీ 800 చార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. అదే లెక్కన ఇది నాలుగేళ్లు దాటుతుంది. మోడల్ అమ్మకం ఆగిపోయాక ఐదేళ్లపాటు ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్లు, ఏడేళ్లపాటు విడిభాగాలు అందుబాటులో ఉంచాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. ట్యాబ్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది విధిరాత కాదని, తయారీదారు తీసుకునే నిర్ణయమని ఈ చట్టం రుజువు చేస్తోంది. అక్కడా అమ్మే మోడల్‌నే ఇక్కడ కొంటే ఆ మన్నికలో కొంతైనా మనకూ దక్కే అవకాశం ఉంది. మన వంతు జాగ్రత్త మనమూ పడాలి. వేడి బ్యాటరీకి శత్రువు. మన ఎండాకాలాల్లో ట్యాబ్‌ను కిటికీ పక్కన, పరుపు మీద చార్జింగ్‌లో వదలకూడదు. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే వాడుకోవాలి. సున్నాకు దిగిన ట్యాబ్‌ను నెలల తరబడి బీరువాలో పెడితే బ్యాటరీ మళ్లీ కోలుకోకపోవచ్చు.

ఇదంతా విన్నాక సహజంగా వచ్చే అభ్యంతరం డబ్బుది. ఎక్కువ పెట్టి ఒకటి కొనే బదులు, తక్కువలో ఒకటి కొని పాడయ్యాక ఇంకొకటి కొనుక్కోవచ్చు కదా అంటారు. ఉదాహరణకు ఆరు వేల ట్యాబ్ ఏడాదిన్నర ఉపయోగపడిందనుకుందాం, నెలకు రూ.333 పడింది. పదమూడు వేల ట్యాబ్ ఐదేళ్లు నిలిస్తే నెలకు రూ.217. ఐదేళ్లన్నది ఆశ కదా అనవచ్చు. అలాగైతే తిరగేసి లెక్కిద్దాం. పదమూడు వేలను 333తో భాగిస్తే 39 వస్తుంది. రెండోది 39 నెలలు దాటి ఒక్క నెల పనిచేసినా లాభమే. అయితే రోజుకూలీ కుటుంబానికి ఈ నెలసరి లెక్క జవాబు కాదు. చేతిలో ఉన్నదే ఎనిమిది వేలైతే, నలభయ్యో నెలలో మిగలబోయే డబ్బు వాళ్లకు అక్కరకు రాదు. వాళ్లకు ఈ అధ్యాయం చెప్పేది ‘ఇంకా పెట్టండి’ అని కాదు, ఉన్న డబ్బును దేనికి మళ్లించాలో చెప్పడమే దీని ఉద్దేశం. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరా వదులుకోవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్ ఉన్న ఇంట్లో సిమ్ సౌకర్యం వదులుకోవచ్చు. పదకొండు అంగుళాల బదులు ఎనిమిదిన్నర అంగుళాల తెర చాలనుకోవచ్చు. ర్యామ్, నిల్వ, అప్‌డేట్ల గడువు మాత్రం వదులుకోకూడదు. ఒక్క పాటలు, వార్తల కోసమే అయితే 3 జీబీ ర్యామ్‌తోనూ రోజులు గడుస్తాయి.

పిల్లలు ఎలాగూ పగలగొడతారు, మంచిది ఎందుకని మరికొందరు అడుగుతారు. పగిలేది తెర. కొన్ని వందల రూపాయల రబ్బరు కేసు దాన్ని చాలావరకు కాపాడుతుంది. మీ జిల్లా కేంద్రంలో సర్వీసు సెంటరున్న కంపెనీ ట్యాబ్ అయితే పగిలిన తెర మార్పించుకోవచ్చు, విడిభాగాలే దొరకని ట్యాబ్ పగిలిన రోజే చెత్త అవుతుంది. అలాంటి చెత్త ప్రపంచంలో ఎంతుందో ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక లెక్కగట్టింది. 2022లో పేరుకున్న ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ఒకప్పటి ఖరీదైన ట్యాబ్‌ను పాతదిగా కొనడం కూడా మంచి ఆలోచనే, కానీ రెండు షరతుల మీద. అప్‌డేట్లు ఇంకా కనీసం రెండేళ్లు రావాలి, బ్యాటరీ మార్చి ఇవ్వాలి.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. రాష్ట్రమంతటా నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలకు అవి అందాయి. ఆనాడు ఎనిమిదో తరగతిలో ట్యాబ్ అందుకున్న పిల్ల పదో తరగతి పరీక్ష రాసింది 2025 మార్చిలో, అంటే 27 నెలల తర్వాత. ఒక చదువు మజిలీకి ట్యాబ్ నిలవాల్సిన కనీస కాలం అది. ఆ పిల్ల ఇంటర్ కూడా పూర్తిచేసేదాకా లెక్కిస్తే 51 నెలలు. మీ ఇంటి ట్యాబ్‌కు కూడా ఇలాంటి గడువు ఒకటి ముందే పెట్టుకోండి, ఏ తరగతి దాకా, ఏ సంవత్సరం దాకా అని. దుకాణంలో ఆ సంవత్సరం పేరు చెప్పి, అప్పటిదాకా అప్‌డేట్లు వస్తాయా, బ్యాటరీ మారుస్తారా అని అడగండి. అమ్మే మనిషికి జవాబు తెలియకపోతే కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ విడుదల తేదీ, అప్‌డేట్ల గడువు చూసి, దొరికాకే డబ్బు చెల్లించండి.